నెల్లూరు నుంచి చెన్నై టెన్నిస్‌కు ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పెద్ద టెన్నిస్ టోర్నమెంటు జరగబోతోందని పేపర్లో పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. నెల్లూరులో పొద్దున్నే కోర్టుకొచ్చే పిల్లల అమ్మానాన్నలు, కావలిలో మా చుట్టాలు, వాళ్ళ ద్వారా ఒంగోలు వాళ్ళు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. టెన్నిస్ అంటే నాకు ప్రాణం, అందుకని ఆట గురించిన జవాబులు పొడుగ్గా ఉంటాయి. ప్రయాణం సంగతి మాత్రమే కావలసినవాళ్ళు నేరుగా ఆ ప్రశ్నల దగ్గరికి పోవచ్చు.

అక్కా, మనకు దగ్గర్లో పెద్ద టెన్నిస్ ఎక్కడ జరుగుతుంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు చెన్నైయే. నుంగంబాక్కంలో వళ్ళువర్ కోట్టం దగ్గర తమిళనాడు ప్రభుత్వ టెన్నిస్ స్టేడియం ఉంది. మగవాళ్ళ చెన్నై ఓపెన్ 1997 నుంచి 2017 దాకా అక్కడే జరిగింది. 1998లో పాట్రిక్ రాఫ్టర్ గెలిచాడు, 2004, 2005ల్లో కార్లోస్ మోయా గెలిచాడు, స్టాన్ వావ్రింకా అయితే 2011, 2014, 2015, 2016ల్లో నాలుగుసార్లు కప్పు ఎత్తాడు. ఆ తర్వాత ఆ టోర్నమెంటు పుణేకు తరలిపోయింది. చెన్నై అభిమానులకు అది పెద్ద లోటు, మనకూ అంతే.

2022 సెప్టెంబరులో ఆడవాళ్ళ డబ్ల్యూటీఏ 250 టోర్నమెంటు (డబ్ల్యూటీఏ అంటే ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం, 250 అంటే గెలిచినవాళ్ళకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లు) అదే స్టేడియంలో మొదలైంది. ఆ ఏడాది పదిహేడేళ్ళ చెక్ అమ్మాయి లిండా ఫ్రూవిర్తోవా ఫైనల్లో పోలండ్ క్రీడాకారిణి మాగ్దా లినెట్‌పై మొదటి సెట్ పోగొట్టుకుని కూడా 4-6, 6-3, 6-4తో గెలిచింది. తర్వాత రెండేళ్ళు టోర్నమెంటు లేదు. మళ్ళీ 2025 అక్టోబరు చివర్లో జరిగింది, ఇండోనేషియా అమ్మాయి జానిస్ చెన్ గెలిచింది. అంటే ప్రతి ఏడూ ఉండి తీరుతుందని అనుకోకండి. ముందు ఆ ఏటి డబ్ల్యూటీఏ క్యాలెండర్ చూసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టండి.

ఇవి కాక ఛాలెంజర్ టోర్నమెంట్లు ఉంటాయి. చెన్నైలోనూ జరుగుతాయి, బెంగళూరు కబ్బన్ పార్కు కోర్టుల్లోనూ జరుగుతాయి. ర్యాంకింగ్‌లో ఒక మెట్టు కిందివాళ్ళు ఆడతారు, జనం తక్కువ, కోర్టుకు చాలా దగ్గరగా కూర్చోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఛాలెంజర్ కూడా మంచి చదువే.

ఒక్క రోజులో పోయి రావచ్చా? అక్కడ రాత్రి ఉండాల్సిందేనా?

నెల్లూరు వాళ్ళు నిక్షేపంగా పోయి రావచ్చు. రైలు దారిన చెన్నై సెంట్రల్ సుమారు 175 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌కు మూడు గంటలు అటూ ఇటూ. కావలి వాళ్ళు ఇంకొంచెం వేసుకోవాలి. ఒంగోలు నుంచి దాదాపు 290 కిలోమీటర్లు. పోవడం వరకు పరవాలేదు గానీ, రాత్రి ఆట చూసి అదే రాత్రి వెనక్కి రావాలంటే ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది. ఒంగోలు, సింగరాయకొండ వైపు వాళ్ళు ముందురోజు రాత్రికే నెల్లూరులో చుట్టాలింట్లో దిగి పొద్దున్నే బయల్దేరితే సగం అలసట తగ్గుతుంది.

రైలా, బస్సా, కారా?

రైలే. సందేహం లేదు.

విజయవాడలో పొద్దున్నే బయల్దేరే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటారు. సాయంత్రం మ్యాచ్‌లకైతే అది సరిపోతుంది. ప్రాక్టీసు కూడా చూడాలంటే రాత్రి బయల్దేరి తెల్లవారుజామున నెల్లూరు దాటే బండ్లలో ఒకటి పట్టుకోవాలి. విజయవాడ నుంచి వచ్చే వందే భారత్ చెన్నై చేరేది రాత్రికి కాబట్టి ఆ రోజు ఆటకు పనికిరాదు. రాత్రి చెన్నైలో ఆగిపోయేవాళ్ళకు మాత్రం మర్నాడు తెల్లవారుజామున అదే బండి నెల్లూరు, ఒంగోలు మీదుగా తిరిగి వస్తుంది. నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు వాళ్ళకు సూళ్ళూరుపేట నుంచి చెన్నై లోకల్ రైళ్ళున్నాయి. టైములు మారుతూ ఉంటాయి, వెళ్ళే వారంలో ఒకసారి సరిచూసుకోండి.

బస్సులో పోతే మాధవరంలో దిగాలి. ఆంధ్రా బస్సులన్నిటికీ అదే స్టాండు. అక్కడి నుంచి నుంగంబాక్కం చేరడానికి ఊరంతా ఈదాలి. కారైతే తడ దాటేదాకా హైవే మీద హాయిగానే ఉంటుంది, చెన్నై పొలిమేరల్లో లారీల మధ్య ఇరుక్కుంటారు, ఆపైన స్టేడియం చుట్టూ బండి పెట్టే చోటు దొరకదు.

సెంట్రల్లో దిగాక స్టేడియానికి ఎట్టా పోవాలి?

రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అక్కడ తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కండి. ఎగ్మోర్, చేట్‌పెట్, ఆ తర్వాత నుంగంబాక్కం. దిగి ఆటో అతనితో 'టెన్నిస్ స్టేడియం, వళ్ళువర్ కోట్టం' అంటే చాలు.

ఫైనల్‌కు పోతే బాగుంటుందా? ఏ రోజు మంచిది?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. ఈ విషయంలో నా మాట మారదు. ఒక్క రోజే పోగలిగితే ఫైనల్ రోజు వద్దు. మంగళవారమో బుధవారమో పోండి.

లెక్క చూడండి. ఇలాంటి టోర్నమెంట్లలో మామూలుగా సింగిల్స్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీ జాబితాలో, 32 మంది ఉంటారు. మొదటి రౌండ్ 16 మ్యాచ్‌లు, రెండో రౌండ్ 8, క్వార్టర్స్ 4, సెమీస్ 2, ఫైనల్ 1. వారం మొదట్లో సెంటర్ కోర్టులోనూ పక్క కోర్టుల్లోనూ ఒకేసారి ఆట నడుస్తుంది, డబుల్స్ అదనం. అదే టికెట్టు ఖర్చుతో, అదే రైలు ప్రయాణంతో ఎన్నో రకాల ఆట చూడొచ్చు. ఎడమచేతి వాటం వాళ్ళు, బంతిని కోసినట్టు కొట్టే స్లైస్‌తో సాగదీసేవాళ్ళు, ప్రతి బంతినీ బాదేవాళ్ళు, వందో ర్యాంకు చుట్టుపక్కల ఉండి ఈ ఒక్క గెలుపుతో ఏడాదంతా నిలదొక్కుకోవాలని చూసేవాళ్ళు. ఆ చివరి రకం వాళ్ళ ఆటలో ఉండే పట్టుదల నాకు ఫైనల్స్‌లో కూడా అరుదుగా కనిపిస్తుంది.

2008 చెన్నై ఓపెన్ సంగతి చెబుతాను. సెమీఫైనల్లో రఫేల్ నాదల్, కార్లోస్ మోయా తలపడ్డారు. ఇద్దరూ మల్లోర్కా దీవి వాళ్ళే, చిన్నప్పటినుంచి నాదల్‌కు మోయా అన్నలాంటివాడు. మూడు సెట్లూ 6-6 దాకా వచ్చి టైబ్రేక్‌కు పోయాయి. దాదాపు నాలుగు గంటలు ఆడి నాదల్ 6-7, 7-6, 7-6తో గెలిచాడు. మర్నాడు ఫైనల్లో కాళ్ళు కదల్లేదు. మిఖాయిల్ యూజ్నీ 6-0, 6-1తో ముగించేశాడు. ఫైనల్‌కు మాత్రమే టికెట్టు కొన్నవాళ్ళకు దక్కింది ఆ ఏడు గేముల సెట్టు, ఆరు గేముల సెట్టు. ముందురోజు వెళ్ళినవాళ్ళకు దక్కిందేమిటో ఇప్పటికీ చెన్నై వాళ్ళు చెప్పుకుంటారు.

ఫైనల్ ఎప్పుడూ బాగుండదని కాదు. 2009లో సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వైల్డ్ కార్డుతో, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చిన చోటుతో వచ్చి ఫైనల్ దాకా పోయాడు. మారిన్ సిలిచ్ చేతిలో ఓడినా ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్ళ అదృష్టమే అదృష్టం. కానీ నెలల ముందు టికెట్టు కొనేటప్పుడు అలాంటి ఫైనల్ వస్తుందని ఎవరికీ తెలియదు. బుధవారం మాత్రం ఎప్పుడూ చేతినిండా ఆట ఉంటుంది.

టికెట్లు ఎక్కడ కొనాలి?

టోర్నమెంటు వాళ్ళు ప్రకటించిన ఆన్‌లైన్ అమ్మకంలోనే కొనండి. వారం మొదటి రోజులకు తేలిగ్గా దొరుకుతాయి, సెమీస్, ఫైనల్ తొందరగా అయిపోతాయి. మెయిన్ డ్రాలో చోటు కోసం ఆడే క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు దానికి ముందే, వారాంతంలో జరుగుతాయి. ఆదివారం తప్ప సెలవు దొరకనివాళ్ళు వాటికి పోవచ్చు.

టీవీలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది గదా. అంత దూరం పోయి చూసేదేముంది?

టీవీలో కెమెరా కోర్టు చివరి గీత, అంటే బేస్‌లైన్ వెనక ఎత్తులో ఉంటుంది. రెండువైపులా కోర్టు మొత్తం కనిపించడానికి ఆ చోటు మంచిదే గానీ, అక్కడినుంచి చూస్తే బంతి ఎత్తు తెలియదు. టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు దొర్లేలా తిప్పి కొట్టిన బంతి నెట్ మీదినుంచి ఎంత పైకి పోయి, ఎంత హఠాత్తుగా కిందికి వంగి, పడ్డాక మనిషి భుజందాకా ఎట్టా లేస్తుందో కోర్టు పక్కన కూర్చుంటేనే కనబడేది. టీవీలో చూసి 'అంత తేలిక బంతిని తప్పు కొట్టిందే' అనుకునేది, అక్కడ చూస్తే అది తేలిక బంతి కాదని అర్థమవుతుంది.

కోర్టు పొడవు 23.77 మీటర్లు. అవతలి మనిషి సర్వ్ (పాయింటు మొదలుపెట్టే దెబ్బ) గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో వస్తే ఇవతలి మనిషికి దొరికే సమయం అర సెకను కాస్త అటూ ఇటూ. ఆ కాస్తలో ఆమె ఏం చేస్తుందో చూడండి. అవతల రాకెట్ బంతికి తగిలే క్షణంలో రెండు కాళ్ళ మీదా చిన్న గెంతు గెంతుతుంది. నేలకు తాకగానే అప్పటికే ఏ వైపు పోవాలో ఆ వైపుకు తోసుకుంటుంది. ప్రతి బంతికీ, మ్యాచ్ అంతా, అలిసిపోయాక కూడా. మన కోర్టుల్లో పిల్లలు ఆ గెంతును పది నిమిషాల్లో మరిచిపోతారు. ఒక అమ్మాయి మూడో సెట్ చివర్లో, జుట్టు చెమటకు ముఖానికి అంటుకుని ఉన్నా, ఆ గెంతు ఒక్కసారి కూడా వదలకపోవడం కళ్ళారా చూశాక మా దగ్గర ఆడే పిల్లలకు కోచ్ చెప్పాల్సిన పని సగం తగ్గింది.

ఇంకొకటి, సర్వ్‌కు ముందు బంతిని ఎంచుకోవడం. బంతులందించే పిల్లల (బాల్ కిడ్స్) దగ్గర మూడో నాలుగో బంతులు తీసుకుని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తారు. ఆడేకొద్దీ బంతి మీది నూగు పైకి లేస్తుంది. నూగు లేచిన బంతి గాలిలో నెమ్మదిస్తుంది, అణిగి ఉన్నది వేగంగా పోతుంది. అందుకని మొదటి సర్వ్‌కు నున్నగా ఉన్నదాన్ని ఉంచుకుని, నూగు లేచినదాన్ని వెనక్కి తోసేస్తారు. టోర్నమెంట్లలో మామూలుగా మొదటి ఏడు గేముల తర్వాత, ఆపైన ప్రతి తొమ్మిది గేములకూ బంతులు మారుస్తారు. అప్పుడు సర్వ్ చేసే ప్లేయర్ కొత్త బంతిని పైకెత్తి అవతలివాళ్ళకు చూపిస్తుంది, 'బంతి మారింది, వేగంగా వస్తుంది, చూసుకో' అని. ఎంత పోటీలో ఉన్నా పాటించే ఆ మర్యాద నాకెంతో ఇష్టం. టీవీలో ఆ సమయానికి ప్రకటనో రీప్లేనో నడుస్తుంటుంది.

మ్యాచ్ టైములో ఎక్కువ భాగం పాయింటుకీ పాయింటుకీ మధ్య గడిచేదే. సర్వ్ చేయడానికి 25 సెకన్ల గడియారం తిరుగుతుంటుంది. ఆ 25 సెకన్లలో మనిషి ఎట్టా నడుస్తుందో చూడండి. ఒక పాయింటు పోయాక గోడవైపు తిరిగి, రాకెట్ తీగలు సర్దుకుంటూ ఊపిరి పీల్చుకుని, ముఖం మార్చుకుని తిరిగి వచ్చేవాళ్ళుంటారు. తన కోచ్ కూర్చున్న వైపే చూస్తూ చేతులు తిప్పేవాళ్ళుంటారు. 2025 నుంచి పాయింట్ల మధ్య కోచ్ సలహా ఇవ్వడాన్ని నియమాలే ఒప్పుకున్నాయి కాబట్టి ఆ మాటలు కూడా చెవిన పడతాయి. ఎవరు గెలవబోతున్నారో స్కోరు బోర్డుకన్నా ముందే ఆ నడకలో తెలిసిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి?

సెంటర్ కోర్టులో మొదటి సెట్ బేస్‌లైన్ వెనకవైపు, కొంచెం ఎత్తులో కూర్చోండి. ఎవరు ఎవరిని ఏ మూలకు నెడుతున్నారో, ఆట పథకమేమిటో అక్కడ తెలుస్తుంది. తర్వాత కుదిరితే పక్కవైపు కింది వరసలకు మారండి. అక్కడ బంతి వేగం, ఎత్తు, కాళ్ళ పని తెలుస్తాయి. సీటు నంబరు ఉన్న టికెట్టయితే మారడానికి వీలుండదు, కొనేటప్పుడే వెనకవైపు తీసుకోండి. మధ్యాహ్నం పూటైతే పడమటి ఎండ ముఖాన కొట్టని వైపు చూసుకోండి. చెన్నై ఎండ మనకు కొత్త కాదు గానీ కాంక్రీటు మెట్ల మీద మూడు గంటలు కూర్చోవడం వేరు.

ఒక చిట్కా. ఒక గేమ్ మొత్తం బంతిని చూడడం మానేసి ఒక్క ప్లేయర్నే చూడండి. అలవాటు కొద్దీ మెడ అటూ ఇటూ తిరగబోతుంది, ఆపుకోండి. ఆ ఒక్క గేమ్‌లో నేర్చుకున్నది టీవీలో ఏళ్ళ తరబడి చూసినా దొరకదు.

స్టేడియానికి ఎన్నింటికి చేరాలి?

గేట్లు తెరిచే సమయానికే. ఆర్డర్ ఆఫ్ ప్లే ముందురోజు రాత్రికి వస్తుంది. ఏ కోర్టులో ఎవరు, ఎన్నో మ్యాచ్ అన్నది అందులో ఉంటుంది. మొదటి మ్యాచ్‌కే కచ్చితమైన టైము, మిగతావి ఒకటయ్యాక ఒకటి. రెండు సెట్లలో గంటకే అయిపోవచ్చు, మూడు గంటలూ సాగవచ్చు.

ముందు చేరితే ప్రాక్టీసు దొరుకుతుంది. ఒకసారి ఒక అమ్మాయి పక్క కోర్టులో రెండో సర్వ్ (మొదటిది తప్పితే కొట్టేది) ఒక్కటే సాధన చేయడం చూశాను. కోచ్ అవతల సర్వీసు పెట్టెలో మూలకు ఒక ఖాళీ బంతుల డబ్బా నిలబెట్టాడు. ఆమె దాన్నే గురిపెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొడుతూనే ఉంది. డబ్బా పడిన ప్రతిసారీ కోచ్ మాట్లాడకుండా వెళ్ళి నిలబెట్టి వచ్చాడు. చుట్టూ ఉన్నది నేనూ ఇంకో నలుగురం. సాయంత్రం మ్యాచ్‌లో బ్రేక్ పాయింటు మీద, అంటే ఆ పాయింటు పోతే తన సర్వ్ గేమ్ పోయే చోట, ఆమె రెండో సర్వ్ సరిగ్గా ఆ మూలకే పడింది. స్టేడియమంతా చప్పట్లు కొట్టింది, మా ఐదుగురికి మాత్రం అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు.

స్కోరు లెక్క అర్థం కాదు. ఏం చేయాలి?

15, 30, 40, గేమ్. 40-40 అయితే డ్యూస్, అక్కణ్ణుంచి వరసగా రెండు పాయింట్లు కావాలి. ఆరు గేములు, కనీసం రెండు తేడాతో, సెట్. 6-6 అయితే టైబ్రేక్, ఏడు పాయింట్లు, అక్కడా రెండు తేడా. మూడింటిలో రెండు సెట్లు గెలిస్తే మ్యాచ్. ఇంతే. సర్వ్ చేసేవాళ్ళ స్కోరే ముందు చెబుతారన్నది గుర్తుంటే అంపైర్ మాట వింటూ పోవచ్చు.

అరవచ్చా? ఎప్పుడు మాట్లాడకూడదు?

పాయింటు అయిపోయాక ఎంతైనా అరవండి. సర్వ్‌కు సిద్ధమైనప్పటినుంచి పాయింటు తేలేదాకా మాట వద్దు, లేవడం వద్దు, ఫోన్ మోగడం అసలే వద్దు. ఇది దర్జా కోసం పెట్టుకున్న నియమం కాదు. ఆడేవాళ్ళు అవతలి రాకెట్ నుంచి వచ్చే శబ్దాన్ని బట్టి బంతి ఎంత గట్టిగా, ఏ తిప్పుతో వస్తోందో అంచనా వేస్తారు. మన మాట వాళ్ళ చెవికి అడ్డం. మీరూ కళ్ళు మూసుకుని రెండు పాయింట్లు వినండి, స్లైస్‌కీ గట్టి ఫోర్‌హ్యాండ్‌కీ తేడా తెలుస్తుంది.

లోపలికి, బయటికి పోయేది వైపులు మారేటప్పుడే. మొదటి గేమ్ తర్వాత కూర్చోకుండానే వైపులు మారతారు, ఆ తర్వాత మూడు, ఐదు, ఏడు అలా బేసి గేములకు 90 సెకన్లు కూర్చుంటారు. మంచినీళ్ళకో మరుగుదొడ్డికో పోవాలంటే సెట్ అయ్యాక పోండి, అప్పుడు రెండు నిమిషాలుంటాయి.

అవతలి ప్లేయర్ మొదటి సర్వ్ తప్పితే చప్పట్లు కొట్టకండి. మన అమ్మాయి ఆడుతున్నా సరే.

మన తెలుగువాళ్ళెవరైనా ఆడతారా?

ఆడతారు. శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి ఇద్దరూ 2025 చెన్నై ఓపెన్‌లో ఆడారు. శ్రీవల్లి అదే ఏడాది ఏప్రిల్‌లో పుణేలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ (ఆడవాళ్ళ దేశాల జట్ల పోటీ) పోటీల్లో ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. పొడగరి, సర్వ్ మీద నమ్మకంతో ముందుకొచ్చి ఆడే మనిషి. మగవాళ్ళలో విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని ఏళ్ళ తరబడి దేశం తరఫున డేవిస్ కప్ (మగవాళ్ళ దేశాల జట్ల పోటీ) ఆడాడు, 2017లో అర్జున అవార్డు అందుకున్నాడు.

వీళ్ళందరికీ ముందు సానియా మీర్జా. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలైంది. అప్పుడామెకు పద్దెనిమిదేళ్ళు. నెల్లూరులో ఆడపిల్లల చేతికి రాకెట్ ఇచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఆ రోజుల్ని ఇప్పటికీ తలుచుకుంటారు. మన పిల్లలు ర్యాంకుల్లో పైనున్నవాళ్ళతో తలపడి ఓడిపోతే లేచి వచ్చేయకండి. వాళ్ళు సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచేదాకా నిలబడి చప్పట్లు కొట్టండి. విదేశాల్లో ఖాళీ కోర్టుల్లో ఏడాదంతా ఆడేవాళ్ళకు తమ భాషలో పేరు పెట్టి పిలిచే గొంతు వినబడేది ఇక్కడే.

డబుల్స్ చూడాలా, ఆ టైములో తినొచ్చా?

చూడండి! టికెట్టు డబ్బుకు సగం విలువ అక్కడే ఉంది. నెట్ దగ్గర నలుగురు, కళ్ళు తిప్పేలోపు నాలుగైదు వాలీలు (బంతి నేలకు తాకకముందే కొట్టే దెబ్బలు). సర్వ్‌కు ముందు నెట్ దగ్గరి మనిషి వీపు వెనక చెయ్యి పెట్టి వేళ్ళతో సైగ చేస్తుంది, తను దాటుతుందా నిలబడుతుందా అని. వెనకవైపు కూర్చున్నవాళ్ళకు ఆ సైగ కనిపిస్తుంది, అవతలి జట్టుకు కనిపించదు. డబుల్స్‌లో డ్యూస్ దగ్గర ఒకే పాయింటు, మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్, అందుకని తొందరగా తేలిపోతుంది. లియాండర్ పేస్, మహేశ్ భూపతి జంట చెన్నైలోనే ఐదుసార్లు గెలిచింది. 1997లో మొదటిది, 2011లో చివరిది. డబుల్స్‌కు చెన్నై జనం కదలకుండా కూర్చోవడం అప్పటినుంచీ వచ్చిన అలవాటే.

తిండి సంగతి?

బయటి తిండి, సీసాలు మామూలుగా గేటు దగ్గరే ఆపేస్తారు. రైల్లోకి పులిహోరో, నెల్లూరులోనే కారం దోశ కట్టించుకునో తినేయండి. లోపల దొరికేవి చిరుతిళ్ళే. నుంగంబాక్కం చుట్టుపక్కల ఆంధ్రా మెస్సులున్నాయి, మధ్యాహ్నం భోజనం అక్కడ ముగించుకుని లోపలికి పోతే రాత్రిదాకా దిగులుండదు. షుగర్ ఉన్నవాళ్ళు మందులు, ఏదైనా తీపి దగ్గర పెట్టుకుని, గేటు దగ్గర చెప్పి తీసుకుపోండి. టోపీ, పలుచని నూలు బట్టలు, చిన్న తువ్వాలు. గొడుగు లోపలికి రానివ్వకపోవచ్చు.

వాన పడితే?

అక్టోబరు, నవంబరు నెలలంటే మనకు తెలిసిందే, ఈశాన్య రుతుపవనాల కాలం. 2025లో సరిగ్గా టోర్నమెంటు మొదలయ్యే వారంలోనే మొంథా తుఫాను వచ్చింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు వానకు తడిసి ముద్దయ్యాయి, చెన్నైలో మొదటి రోజుల ఆట ఆగిపోయింది. కోర్టు మీద చినుకు పడితే చాలు ఆపేస్తారు. తడి హార్డ్ కోర్టు మీద కాలు జారితే ఒక ప్లేయర్ కెరీరే ఆగిపోవచ్చు. వాన నిలిచాక కూడా తుడిచి ఆరబెట్టడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టండి. అలా ఆగినప్పుడు తర్వాతి రోజుల్లో మ్యాచ్‌లు కుక్కి పెడతారు, ఒకే ప్లేయర్ ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడాల్సి రావచ్చు. టికెట్టు ఇంకో రోజుకు చెల్లుతుందా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది కొనేటప్పుడే షరతుల్లో చదువుకోండి. మన వైపు తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం మారు ఆలోచించకుండా మానుకోండి. గూడూరు దగ్గర పట్టాల మీదికి నీళ్ళొస్తే రైళ్ళన్నీ ఆగిపోతాయి.

ఆడవాళ్ళం ఇద్దరమే పోవచ్చా?

పోవచ్చు. నేనూ మా చెల్లెలి కూతురూ అట్టాగే పోతాం. స్టేడియంలో జనం కుటుంబాలతో వస్తారు, పెద్ద వయసు మామీలు ఆటను మనకన్నా బాగా ఎరుగుదురు, చాలామందికి తెలుగు వచ్చు. రాత్రి తిరుగు ప్రయాణానికి రిజర్వేషన్ ముందే చేయించుకోండి, స్టేషన్‌కు యాప్‌లో కారు పెట్టుకోండి.

చిన్నపిల్లల్ని తీసుకుపోతే విసిగిస్తారా?

ఏడెనిమిదేళ్ళు దాటి, కాస్తో కూస్తో ఆడేవాళ్ళయితే విసిగించరు. అంతకన్నా చిన్నవాళ్ళకు పక్క కోర్టులే మేలు, లేచి తిరగడానికి వీలుంటుంది. పెద్ద బంతి ఒకటీ, మార్కరు ఒకటీ చేతికివ్వండి. మ్యాచ్ గెలిచినవాళ్ళు బయటికి పోయే దారిలో కంచె దగ్గర నిలబడితే సంతకం పెడతారు. ఓడినవాళ్ళను అడగవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

రైలు టైమవుతోంది, మ్యాచ్ మూడో సెట్ 4-4లో ఉంది. లేవాలా?

పిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే లేవండి, స్కోరు ఫోన్‌లో చూసుకోవచ్చు. లేకపోతే కూర్చోండి. పూర్తి రోజంతా వాళ్ళతో పాటు ఉండి ఆ చివరి రెండు గేములు వదిలేసి వస్తే నెలరోజులు మనసు పీకుతుంది. రైలు టికెట్టు పోతే పోయింది, మాధవరం నుంచి నెల్లూరు వైపు రాత్రి పొద్దుపోయాక కూడా బస్సులుంటాయి. ఎక్కేముందు కండక్టర్ని ఒక్క మాట అడగండి, బస్సు నెల్లూరు లోపలికి పోతుందా, బైపాస్ మీదే దించేస్తుందా అని. బైపాస్ మీదైతే ఇంట్లో వాళ్ళకు ముందే ఫోన్ చేసి బండి తెమ్మనండి, ఆ వేళప్పుడు అక్కడ ఆటోలు దొరకవు.